మేస్త్రీని గంప కింద పెట్టిన నెల

మా ఇంటి పిల్లపుంజుకు పిచ్చి పట్టిందని మొట్టమొదట అన్నది నేనే. ఆ మాట వెనక్కు తీసుకోవాలో వద్దో నాకింకా తెలియడం లేదు.

ఆ రోజు రెండో శనివారం, బడి లేదు. దొడ్డిలో అంట్లు తోముతుంటే కోడి అరుపు వినిపించింది. మామూలు అరుపు కాదు, గొంతు చించుకునే అరుపు. పిల్లి దూరిందనుకుని చీపురు పట్టుకుని పరిగెత్తాను. పిల్లీ లేదు, గిల్లీ లేదు. నా చుక్కలపెట్ట నేలకు కరుచుకుని ఉంది. దాని వీపు మీద పిల్లపుంజు ఎక్కి, మెడ మీది ఈకలు ముక్కుతో పట్టుకుని పీకుతోంది. పెట్ట దాన్ని మోసుకుంటూనే ఈడ్చుకుపోతోంది. పుంజు వదలడం లేదు. నేను చీపురు ఎత్తాను.

"కొట్టొద్దే! అమ్మోరి సొత్తు అది!"

మా అత్త తిమ్మక్క వెనకనుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. డెబ్బై ఏళ్ళ మనిషి, ఏళ్ళ తరబడి కూలిపనికి పోయి గట్టిపడిన చెయ్యి. ఈలోగా పుంజు తన పని కానిచ్చుకుని దిగి, ఏమీ ఎరగనట్టు నేల గీరుకోవడం మొదలుపెట్టింది. చుక్క పోయి బాత్రూం తలుపు వెనక దాక్కుంది. దాని వీపు మీద అరచెయ్యంత మేర ఈకలు లేవు, రక్తపు చారలు కనిపిస్తున్నాయి.

ఈ అమ్మవారి సొత్తు కథ చెప్పాలి. మేముండేది పుంగనూరు చివర, మదనపల్లె రోడ్డు పక్కన. నా భర్త యువరాజ్ శాంతిపురం దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, వారానికోసారి ఇంటికొస్తాడు. పోయినేడు ఆయనకు డెంగ్యూ వచ్చింది. నాలుగో రోజు ప్లేట్‌లెట్లు పడిపోయి, డాక్టరు ఏమీ చెప్పలేనన్నప్పుడు, అత్త ఆసుపత్రి వరండాలోనే కొంగు పట్టి గంగమ్మకు మొక్కుకుంది. ఇకమీద మా ఇంట్లో పుట్టే తొలి పుంజు నీదే తల్లీ, మచ్చ లేకుండా పెంచి జాతరకు తెచ్చి ఇస్తానంది. ఆయన బతికాడు. ఆ తర్వాత మా నల్లపెట్ట పొదిగిన పిల్లల్లో గద్దలూ పిల్లులూ పోగా మిగిలిన ఒకే ఒక్క పుంజు ఇది.

మొక్కుపుంజును కొట్టకూడదు, తిట్టకూడదు, కట్టేయకూడదు. దాని ఒంటి మీద గాయం పడకూడదు. ముఖ్యంగా నెత్తి మీది ఎర్ర తురాయి చినగకూడదు. మచ్చపడిన పుంజును అమ్మ పుచ్చుకోదు. అమ్మ పుచ్చుకోకపోతే ఏమవుతుందో అత్త ఎప్పుడూ పైకి అనలేదు. నేనూ అడగలేదు. ఇద్దరం యువరాజ్ గురించే అనుకుంటున్నామని ఇద్దరికీ తెలుసు.

చుక్క సంగతి వేరు. అది నా కోడి. గుడుపల్లెలో మా అమ్మ, చనిపోయే ముందు నేను చూడ్డానికి పోయినప్పుడు, సంచిలో పెట్టి బస్సెక్కించి పంపింది. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు. మా అమ్మ చేతి రాగులు తిన్న ప్రాణి ఈ ఇంట్లో అదొక్కటే. దాని వీపు అలా చూశాక నాకు చీపురు కింద పెట్టబుద్ధి కాలేదు.

ఇంతకూ అసలు సిగ్గుపడాల్సిన విషయం ఒకటుంది. నేను మదనపల్లెలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరును. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడల్లా మొక్కల దాకా బాగా చెప్పి, పరాగం, కీలాగ్రం అన్నీ బోర్డు మీద బొమ్మ వేసి, "మిగతాది ఇంటికి పోయి చదువుకోండి" అని పుస్తకం మూసేస్తాను. పుంజు పెట్టను తొక్కుతుందని పుట్టినప్పటినుంచీ ఎరుగుదును. కానీ అది ఇలాగేనా ఉండేది? మా పెద్దపుంజు మేస్త్రీ మూడేళ్ళుగా ఈ దొడ్డిలోనే ఉంది. పనివాళ్ళ వెనక తిరిగే మేస్త్రీలాగా పెట్టల వెనక ఠీవిగా నడుస్తుందని ఆ పేరు పెట్టాం. దానివల్ల ఏ పెట్టా ఇలా అరవగా నేను వినలేదు. ఇది జబ్బా? పిచ్చా? ఉప్పు తక్కువై ఈకలు తింటోందా? ఫోన్లో వెతికాను. ఒకడు పేలన్నాడు, ఒకడు మాంసకృత్తుల లోపమన్నాడు, ఇంకొకడు కోడిని అమ్మేయమన్నాడు. చుక్క వీపుకు పసుపు, వేపనూనె పూశాను. నల్లపెట్ట వీపూ పలచబడుతోందని అప్పుడే గమనించాను.

యువరాజ్‌కు ఫోన్ చేస్తే పగలబడి నవ్వాడు.

"వయసుకొచ్చిండాడు, అంతే. దానికి నువ్వు డాక్టరును పిలుస్తావా ఏమి?"

"చుక్క తినడం ల్యా. గుడ్డు పెట్టి పది దినాలైంది. నీకు నవ్వులాటగా ఉండాదా?"

"మా అమ్మనడుగు మే, కోళ్ళ సంగతి నాకేం తెలుసు?"

వాళ్ళమ్మను అడిగితే, "అది వాటి సంసారం, మనకెందుకు?" అంది. సంసారమంటే ఇదేనా అని నోటిదాకా వచ్చింది.

కట్టేయకూడదు, కొట్టకూడదు. సరే, పెట్టకే ఏదైనా తొడుగుదామనుకున్నాను. పాత ఎర్ర లైనింగు గుడ్డ కత్తిరించి, రెక్కల కింద పట్టీలు వచ్చేలా చుక్క వీపుకు ఒక అంగీ కుట్టాను. ఒక ఆదివారం పూటంతా పట్టింది. తొడిగిన మరుక్షణం చుక్క ఆ గుడ్డలోంచి బయటపడాలని వెనక్కు నడవడం మొదలుపెట్టింది. దొడ్డంతా వెనక్కు వెనక్కు నడిచి, నీళ్ళ తొట్టికి కొట్టుకుని కూలబడింది. పుంజు ఆ ఎర్రగుడ్డను వింతగా చూసి, రెట్టింపు హుషారుగా ఎక్కి, ఆ గుడ్డను పట్టుకునే పీకింది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

ఆ సమయానికి ఎదురింటి గంగులయ్య మామ చూరు సర్దడానికి నిచ్చెన అడగడానికి వచ్చాడు. ఈ వీధిలో ఎక్కువ కోళ్ళున్నది ఆయనకే. చుక్క అంగీని చూసి ఆయన నవ్వలేదు. అది నాకు బాగా నచ్చింది. తిన్నె మీద కూర్చుని కాసేపు దొడ్డంతా కలయజూశాడు.

"మీ మేస్త్రీ యాడమ్మా?"

"గంప కింద ఉండాది మామా."

"యాల?"

చెప్పాను. పిల్లపుంజు కూత నేర్చుకున్న రోజే మేస్త్రీ దాని మీద ఉరికింది. తురాయి చినిగితే మొక్కు పోతుందని అత్త హడలిపోయి, మేస్త్రీని పట్టి గంప కింద బోర్లించింది. గంప మీద రుబ్బురాయి కూడా పెట్టింది. నెల దాటింది. తిండీ నీళ్ళూ గంప కిందికే.

గంగులయ్య మామ నుదురు కొట్టుకున్నాడు.

"పెద్దోన్ని జైల్లో పెట్టి పిల్లోన్ని ఊరి మీదికి ఇడిస్తే ఇట్లగాక ఎట్లయితాదమ్మా? ఐదునెల్ల పుంజుకు ఒంట్లో వేడి ముందొస్తాది, బుద్ధి ఎనకొస్తాది. వానికి కావాల్సిందేందో తెలుసుగానీ, ఎట్ల అడగాల్నో తెలీదు. సూడు, పెద్దపుంజుకు గింజ దొరికితే తాను తినదు. కుక్కుక్కుమని పిలుస్తాది. ఒక రెక్క నేలకు రాసుకుంటా సుట్టూ తిరుగుతాది. పెట్టకు ఇష్టమైతే కూసుంటాది, లేకుంటే పక్కకు పోతాది. పిల్లోడు దౌర్జన్యం సేస్తే పెద్దోడు అడ్డమొచ్చి ఒక్కటిస్తాడు. పెట్టలూ పొడుస్తాయి. ఆ దెబ్బలు తిని తిని నేర్చుకోవాల."

"ఇప్పుడు వీన్ని కొట్టేవాళ్ళే లేరు గదా మామా. మేమూ కొట్టం."

"అదే సెప్తాండా. ఇంకోటి సూడమ్మా. తొక్కినంక పెట్ట లేసి ఒళ్ళు ఇదిలిస్తాది. ఇదిలిచ్చి మేతకు పోయిందంటే ఏం కాలేదని లెక్క. నీ సుక్క ఇదిలిస్తాండాదా?"

గుర్తు చేసుకున్నాను. లేదు. ఒక్కసారి కూడా విదిలించలేదు, పరిగెత్తి తలుపు వెనక దూరడమే.

ఆయన నిచ్చెన తీసుకుని పోయాక అత్తకు చెప్పాను. అత్త అంతా విని, "తురాయి సినిగితే గంగులయ్య వచ్చి అమ్మోరికి జవాబు సెప్తాడా?" అంది. ఆమె కోపంలో భయం ఎంత ఉందో నాకు కనిపిస్తూనే ఉంది. కొడుకు కోసం మొక్కిన మొక్కు. నా మొగుడి కోసం మొక్కిన మొక్కు. కోడి కోసం దాన్ని పాడుచేయమని ఏ నోటితో అడగను?

మూడు రోజులు అడగలేదు. నాలుగో రోజు బడినుంచి వచ్చేసరికి చుక్క బాత్రూంలో పక్కకు ఒరిగి ఉంది. మెడ వెనక చర్మం చీలి, లోపలి ఎరుపు కనిపిస్తోంది. నీళ్ళు పట్టిస్తే ఒక్క గుటక వేసి కళ్ళు మూసుకుంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ ఆసుపత్రి మంచం మీద అలాగే ఒక్క గుటక తాగి కళ్ళు మూసుకునేది. నాకు దుఃఖం ఆగలేదు.

మరుసటి రోజు అత్త సంతకు పోయింది. నేను బడికి సెలవు పెట్టాను. చుక్కను లోపల బుట్టలో పడుకోబెట్టి, దొడ్డి తలుపు వేసి, రుబ్బురాయి దింపి గంప ఎత్తాను.

మేస్త్రీ వెంటనే రాలేదు. నెల రోజులు వంగి ఉన్న మెడను మెల్లగా చాపింది. రెండడుగులు వేసి, రెక్కలు టపటప కొట్టుకుని, కూసింది. పిల్లపుంజు అప్పుడే నల్లపెట్ట మీదికి ఎగరబోతోంది. మేస్త్రీ పరిగెత్తి వచ్చి గుండెతో దాన్ని కింద పడేసింది. రెండూ మెడ ఈకలు నిక్కబొడుచుకుని ఎగిరి తన్నుకున్నాయి. మహా అయితే మూడు నిమిషాలు. మధ్యలోకి పోయి విడదీయాలని రెండుసార్లు అడుగు వేసి రెండుసార్లూ ఆగిపోయాను. చివరికి పిల్లపుంజు తల దించుకుని తొట్టి వెనక దూరింది. మేస్త్రీ వెంటపడలేదు. నేల గీరి, గింజ చూపించి, కుక్కుక్కుమని పెట్టలను పిలిచింది. నెల రోజుల తర్వాత నా దొడ్డిలో ఆ పిలుపు వినిపించింది.

తొట్టి వెనకనుంచి పిల్లపుంజును బయటికి తీసి చూశాను. తురాయి అంచున రంపపు పళ్ళలా ఉండేవాటిలో మూడోది మొదలంటా చినిగి వేలాడుతోంది.

సంతనుంచి వచ్చిన అత్త సంచి గడపలోనే వదిలేసింది. పుంజు తల చేతుల్లోకి తీసుకుని చినుగును వేలితో తడిమింది.

"నీ మొగుడు బతకాలనే గదే నేను మొక్కుకునింది," అంది చివరికి. "నీ కోడికోసం ఇంత పని సేసినావు."

"చుక్క సస్తాండాది అత్తా."

"కోడి సస్తే ఇంకో కోడి వస్తాది."

నేను ఆ మాటకు కోపం తెచ్చుకోవాలి. తెచ్చుకోలేకపోయాను. ఆ రాత్రి ఫోన్లో యువరాజ్ రెండుసార్లు దగ్గాడు. "దగ్గెందుకు?" అని అరిచినంత పని చేశాను. రాతిదుమ్ము అన్నాడు. సైన్సు టీచరును, దోమ వల్ల డెంగ్యూ వస్తుందని బోర్డు మీద రాసేదాన్ని, కోడి తురాయికీ మనిషి దగ్గుకూ సంబంధం లేదని నాకు తెలియదా? తెలుసు. తెలిసినా తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

అత్త నాతో మూడు వారాలు మాట్లాడలేదు. కానీ మేస్త్రీని మళ్ళీ గంప కింద పెట్టనూ లేదు. జరిగిందేదో జరిగిపోయిందని కాబోలు. చుక్క మెల్లగా లేచింది. లోపలే ఉంచి రాగులు, మజ్జిగన్నం పెట్టాను. మెడ గాయం పక్కు కట్టింది, వీపు మీద గుండుసూదుల్లా కొత్త ఈకలు వచ్చాయి.

దొడ్డిలో మాత్రం నాకు అర్థంకాని పనులు జరుగుతున్నాయి. పిల్లపుంజు ఏ పెట్ట వెంట పడినా మేస్త్రీ ఎక్కడినుంచో వచ్చి అడ్డంగా నిలబడేది. నల్లపెట్ట అయితే తనంతట తానే తిరిగి దాని ముఖం మీద పొడిచింది. కన్నతల్లి కదా, నాకు ఆ దెబ్బ చూసి తృప్తిగా అనిపించింది. పిల్లపుంజు పది పన్నెండు రోజులు దూరదూరంగా తిరిగింది. తర్వాత ఒక ఉదయం, ఒక్కటే నిలబడి, చిన్న గులకరాయిని ముక్కుతో ఎత్తి కింద పెట్టి, కుక్కుక్కుమంది. ఏ పెట్టా రాలేదు. రాయిని చూపించి పిలిస్తే ఎవరొస్తారు? మరో వారానికి నిజమైన గింజ పట్టింది. కానీ పెట్ట దగ్గరికొచ్చేసరికి ఆగలేక తానే మింగేసింది. రెక్క నేలకు రాస్తూ తిరగబోయి తన రెక్కే తొక్కుకుని పడింది. పడ్డప్పుడు నేను నవ్వాను. వెనక అత్త కూడా నవ్వింది. అలా మాటలు కలిశాయి.

పిల్లపుంజును 'అది' అనడం మానేసి 'వాడు' అనడం ఎప్పుడు మొదలుపెట్టానో చెప్పలేను. వాడు నేర్చుకుంటున్నాడా, మేస్త్రీ దెబ్బలకు భయపడి నటిస్తున్నాడా? గంగులయ్య మామనడిగితే, "రెండింటికీ తేడా ఏముందమ్మా?" అన్నాడు. తేడా ఉందనే నాకు అనిపిస్తుంది. ఏమిటో చెప్పమంటే మాత్రం చెప్పలేను.

జాతరకు పదిరోజుల ముందు చుక్కను దొడ్డిలోకి వదిలాను. చీపురు పట్టుకునే నిలబడ్డాను. వాడు దాన్ని చూశాడు. గింజ ఎత్తి, కింద పెట్టి, పిలిచాడు. చుక్క చాలాసేపు కదల్లేదు. తర్వాత వచ్చి ఆ గింజ తిని, పోయింది. వాడు పోనిచ్చాడు. ఇంకో నాలుగు రోజులకు, నేను టిఫిన్ డబ్బా కట్టుకుంటుంటే కిటికీలోంచి కనిపించింది. చుక్క తానుగా కూర్చుంది. వాడు దిగాక లేచి నిలబడి, తలనుంచి తోకదాకా ఒళ్ళు గట్టిగా విదిలించింది. విదిలించి మేతకు పోయింది. నాకు బస్సు తప్పిపోయింది.

అంతలో జాతర వచ్చేసింది. అత్త ఏమంటుందోనని చూస్తూ ఉన్నాను. తెల్లవారుజామునే లేచి వాడికి నీళ్ళు పోసింది. పసుపు చిక్కగా కలిపి తురాయికంతా మెత్తింది, దాని మీద కుంకుమ పెట్టింది. చినిగిన చోట పసుపు ఇంకా దళసరిగా పడింది.

"అత్తా, అది..."

"నువ్వు గమ్మునుండు."

మచ్చ దాచి అమ్మ కళ్ళు కప్పుతోందని అర్థమైంది. కొడుకు కోసం ఆమె అమ్మవారినైనా మోసం చేస్తుంది. నేను గమ్మునున్నాను. నాక్కూడా యువరాజ్ కావాలి. వాడిని సంచిలో పెట్టుకుని ఆటోలో పోతుంటే, వాడి ఒంటి వేడి నా తొడకు తగులుతూనే ఉంది. రెండు నెలల ముందు ఈ చేతులతోనే వీడిని నరికేద్దామనుకున్నాను.

గుడి బయట జనం, డప్పులు, వేపమండలు. మా వంతు వచ్చింది. పుంజును కింద నిలబెట్టి, ముందర పసుపు బియ్యం చల్లి, చెంబుతో నీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించాకే కత్తి. మూడు చెంబులదాకా చూస్తారు.

మొదటి చెంబు పోశారు. వాడు విదిలించలేదు. తల పక్కకు వంచి నేల చూశాడు. రెండో చెంబు పోశారు. నీళ్ళు ముక్కుమీదినుంచి కారుతుండగా, వాడు ఒక బియ్యపు గింజను ఎత్తాడు. తినలేదు. కింద పెట్టాడు. కుక్కుక్కుమన్నాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పిలిచాడు. అంత డప్పుల మోతలోనూ నాకు ఆ పిలుపు వినిపించింది. చుట్టూ మనుషుల కాళ్ళు తప్ప ఒక్క పెట్ట లేదు. వాడు అటూ ఇటూ చూసి ఇంకోసారి పిలిచాడు.

కత్తి పట్టుకున్నాయన మూడో చెంబు ఎత్తాడు.

"ఆగప్పా," అంది అత్త.

వంగి, కొంగుతో వాడి తురాయి మీది పసుపంతా తుడిచేసింది. చినుగు బయటపడింది.

"మచ్చ ఉండాది. ఇది పనికిరాదు."

"ముందే సూసుకోవద్దామ్మా? ఇంతసేపు లైన్లో యాల నిలబడినావు?" అని ఆయన విసుక్కున్నాడు. వెనకనుంచి ఎవరో తోశారు. అత్త పుంజును చంకలో పెట్టుకుని, గుడివైపు తిరిగి, అందరికీ వినిపించేలా అంది. "తప్పు నాది తల్లీ. నా కొడుకు మీద పెట్టుకోవద్దు. ఏముంటే నా మీద పెట్టుకో."

టెంకాయ కొట్టి, చీర పెట్టి వచ్చేశాం. ఆటోలో అత్త తడిసిన పుంజును కొంగుతో తుడుస్తూ కూర్చుంది. చాలా దూరం వచ్చాక అడిగాను.

"ఇంగో చెంబు సూడాల్సింది గదత్తా. ఇదిలించకుంటే అమ్మే వద్దన్నట్టు అయ్యేది. నీ మీదికి యాల తెచ్చుకుంటివి?"

"ఇదిలిస్తాడేమోనని బయమేసిందే," అంది.

ఇంటికి రాగానే ఫోన్ కలపమంది. యువరాజ్ ఎత్తాడు. జాతర బాగా జరిగిందా అని అడిగాడు. అత్త "తిన్నావా?" అంది. "దగ్గుండాదా?" అంది. లేదన్నాక కూడా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, ఆయన ఊపిరి వింటూ తిన్నె మీద కూర్చుంది. చేసింది తప్పో ఒప్పో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

నేను వాడిని దొడ్డిలో వదిలాను. మేస్త్రీ ఒకసారి చూసి తన దారిన పోయింది. చుక్క గోడ నీడలో ఉంది. వాడు నేల గీరి, గింజ వెతికి పట్టి, ఎత్తి కింద పెట్టి పిలిచాడు. చుక్క తల తిప్పి విన్నది. విని, అటువైపు తిరిగి మట్టిలో పొర్లడానికి పోయింది.

వాడు వెంటపడలేదు. గింజను అక్కడే ఉంచి, దాని పక్కన నిలబడ్డాడు.